‘వెన్’ కనబడగానే తొందరపడకండి

ఇంగ్లీషు వాక్యంలో ‘వెన్’ కనబడగానే అడ్వర్బ్ క్లాజ్ (క్రియ గురించి చెప్పే ఉపవాక్యం) అని రాసేయడం మా నల్లగొండలో ట్యూషన్ పిల్లలకు అలవాటు. కానీ ‘వెన్’తో మొదలయ్యే భాగాన్ని ఒకసారి తెలుగులో చెప్పుకుంటే, వాక్యంలో దాని పని ఏమిటో క్రియ చివరనే తెలిసిపోతుంది. నాగార్జునసాగర్ 26 గేట్ల సంగతే తీసుకోండి. ‘ఐ నో వెన్ దే ఓపెన్ ద గేట్స్’ అంటే గేట్లు ఎప్పుడు ఎత్తుతారో నాకు తెలుసునని అర్థం. ‘ఎత్తుతారో’ అని చివర ఓకారం వచ్చింది కాబట్టి అది నౌన్ క్లాజ్ (నామవాచకం పని చేసే ఉపవాక్యం), ‘నో’ అనే క్రియకు కర్మ. ‘ఐ విల్ గో వెన్ దే ఓపెన్ ద గేట్స్’లో అదే భాగం ‘ఎత్తినప్పుడు’ అవుతుంది కనుక అడ్వర్బ్ క్లాజ్. ‘ద డే వెన్ దే ఓపెన్ ద గేట్స్’ అయితే ‘ఎత్తే రోజు’, అంటే ‘రోజు’ అనే నామవాచకాన్ని వివరించే అడ్జెక్టివ్ క్లాజ్. ‘ఇఫ్ హి కమ్స్’ విషయంలోనూ ‘వస్తే’ అయితే అడ్వర్బ్, ‘వస్తాడో లేదో’ అయితే నౌన్.