ఆర్థిక భూగోళ శాస్త్రం: సిద్ధాంతాలను బట్టీ పట్టకుండా లెక్క వేసి నేర్చుకోండి

పీజీలో ఈ పేపర్ తీసుకున్నవాళ్లు చాలామంది థ్యూనెన్, వెబర్, క్రిస్టాలర్ అంటూ పేర్లూ సంవత్సరాలూ వరసగా బట్టీ పడతారు, పరీక్ష అయ్యాక ఒక్కటీ గుర్తుండదు. ఒక్కో సిద్ధాంతం దగ్గర ఆగి, దాన్ని తయారు చేసినాయన అసలు ఏం లెక్కపెట్టాడో చూసి, అదే లెక్క మీరూ కాగితం మీద వేయండి.

బజారుకు ఎంత దూరంలో ఏ పంట గిట్టుబాటవుతుందో చెప్పిన థ్యూనెన్‌తో మొదలుపెట్టండి. జర్మనీలోని టెల్లో ఎస్టేటు ఆయనదే, అక్కడి పద్దులన్నీ ఓపిగ్గా రాసుకుని 1826లో పుస్తకం వేశాడు. ఎకరాకు 20 బస్తాలు, బస్తా ధర 1,500, సాగు ఖర్చు బస్తాకు 1,000, బస్తాకు కిలోమీటరు బాడుగ 10 రూపాయలు అనుకోండి. బజారు పక్క పొలానికి ఎకరాకు 10,000 మిగులుతుంది, 30 కిలోమీటర్ల దూరంలో 4,000, 50 దగ్గర సున్నా. దీన్ని గ్రాఫ్ మీద గీసి, బాడుగ ఎక్కువయ్యే ఇంకో పంట గీత కూడా దాని మీదే గీయండి. రెండు గీతలూ కలిసే చోటే బజారు చుట్టూ ఉండే ఒక పంట వలయానికీ ఇంకో పంట వలయానికీ సరిహద్దు.

ఫ్యాక్టరీ ఎక్కడ పెడితే రవాణా చవకవుతుందో చెప్పిన వెబర్ (1909) దగ్గర ఎక్కువసేపు అక్కర్లేదు. వంద కిలోల చెరకు ఆడితే సుమారు పది కిలోల చక్కెర వస్తుంది, మిగతా బరువును దూరం మోసుకెళ్లి ఎవరూ డబ్బు తగలేసుకోరు, అందుకే ఫ్యాక్టరీ చెరకు తోటల దగ్గరే ఉంటుంది.

నాకు బాగా నచ్చింది, చిన్నా పెద్దా ఊళ్లు ఎంతెంత దూరంలో ఎందుకు ఉంటాయో చెప్పిన క్రిస్టాలర్. ఒక్కో ఊరు సేవలందించే ప్రాంతాన్ని చూపే ఆయన షడ్భుజాలు గీసి అందరూ వదిలేస్తారు, కానీ 1933లో దక్షిణ జర్మనీ ఊళ్ల ప్రాధాన్యాన్ని ఆయన కొలిచింది టెలిఫోన్లతో. ప్రాంతం మొత్తం మీద 50 మందికి ఒక ఫోన్ ఉందనుకుంటే, పదివేల జనాభా ఉన్న ఊళ్లో 200 ఉండాలి, కానీ 500 ఉన్నాయంటే ఆ అదనపు 300 ఫోన్లు చుట్టుపక్కల పల్లెలకు ఆ ఊరు చేస్తున్న సేవకు గుర్తు. ఇప్పుడు ఫోన్లతో కుదరదు, కాబట్టి బ్యాంకు బ్రాంచీలో ఆసుపత్రులో తీసుకోండి; మీ జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్‌లో ఊరివారీగా దొరుకుతాయి. ఇదే మనిషి తర్వాత నాజీలు ఆక్రమించిన పోలాండ్‌లో ఊళ్ల ప్లానింగ్‌కు పనిచేశాడు. ఈ మోడల్ చెప్పేటప్పుడు ఆ సంగతి దాచకూడదని నా అభిప్రాయం.

1950ల్లో అమెరికాలోని సియాటిల్‌లో గారిసన్ అనే ప్రొఫెసర్, ఆయన విద్యార్థులు గణాంకాలనూ కంప్యూటర్లనూ ఈ శాస్త్రంలోకి పెద్దఎత్తున తెచ్చారు. వాళ్లలో ఒకడైన టోబ్లర్ 1970లో డెట్రాయిట్ జనాభా పెరుగుదల మీద రాస్తూ అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడే ఉంటాయనీ, దగ్గరివి ఇంకా గట్టిగా ముడిపడి ఉంటాయనీ చెప్పాడు. 1969లో శాస్త్రీయ పద్ధతి మీద పెద్ద పుస్తకం రాసిన భూగోళ శాస్త్రవేత్త హార్వీయే, 1973కల్లా ఈ లెక్కల్లో పేదవాడు ఎక్కడున్నాడని నిలదీశాడు. టోబ్లర్, హార్వీ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ఆర్థికవేత్త క్రూగ్‌మన్ 1991 పేపర్‌ని చివరికి ఉంచుకోండి. ఉత్పత్తి పెరిగేకొద్దీ ఖర్చు తగ్గడం, రవాణా ఖర్చు, పనివాళ్ల వలస, ఈ మూడూ కలిస్తే ఫ్యాక్టరీలన్నీ ఒకే ప్రాంతంలో ఎలా పోగుపడతాయో అందులో ఉంది. సమీకరణాలు చూసి టెన్షన్ పడకండి, ముందు రవాణా ఖర్చు ఒక్కటే మారుస్తూ ఫలితం ఎటు మొగ్గుతుందో చూడండి.

ఇదంతా అయ్యాకే ఉచితంగా దొరికే జియోడా అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, మండలాల డేటాకు మోరాన్స్ ఐ (ఇరుగుపొరుగు ఎంత ఒకేలా ఉన్నాయో చెప్పే కొలత) వేయండి. విలువ ఒకటికి దగ్గరగా వస్తే ఒకలాంటి మండలాలు పక్కపక్కనే ఉన్నట్టు, సున్నా దగ్గర ఉంటే మ్యాప్ మీద చెప్పుకోదగ్గ అమరిక ఏమీ లేనట్టు.