రోమ్‌కి జంటగా వస్తున్నారా? రెండు పాస్‌పోర్టులూ ఒకే బ్యాగులో పెట్టకండి

ఫ్యూమిచీనో విమానాశ్రయం నుంచి టెర్మినీ స్టేషన్‌కి వచ్చే రైల్లో మొన్న ఒక హైదరాబాద్ జంట బ్యాగు పోయింది. పైన పెట్టిన పెద్ద బ్యాగులు కాదు, కాళ్ల దగ్గర పెట్టుకున్న చిన్నది. రైలు ఇంకా కదల్లేదు. ప్లాట్‌ఫాం మీద ఎవడో కిటికీ అద్దం తట్టి, కింద ఏదో పడిపోయిందన్నట్టు చేయి చూపించాడు. ఇద్దరూ అటు తిరిగారు. ఇటు తిరిగేసరికి బ్యాగు లేదు. ఇద్దరి పాస్‌పోర్టులూ, ఇద్దరి ఫోరెక్స్ కార్డులూ (ముందే విదేశీ డబ్బు నింపుకుని వాడేవి), తెచ్చుకున్న యూరోలూ అన్నీ అందులోనే. శుక్రవారం సాయంత్రం. ఎంబసీ మళ్లీ తెరిచేది సోమవారం.

ఇక్కడ ఉంటున్నాను కాబట్టి ఎండాకాలం మొదలైతే ఇలాంటి ఫోన్లు నాకు మామూలే. "అన్నా, ఎవరో నంబరిచ్చారు..." అని మొదలవుతాయి. జేబు జాగ్రత్త, చీకటి సందుల్లోకి వెళ్లొద్దు లాంటివి నేను చెప్పను. అవన్నీ శంషాబాద్‌లో సాగనంపుతూ మీవాళ్లు చెప్పే ఉంటారు. నేను చెప్పేది వేరు. రోమ్‌లో జేబు కొట్టించుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లలో ఎక్కువమంది తిట్టుకుని, కార్డు బ్లాక్ చేసుకుని, మర్నాడు మళ్లీ తిరగడానికి బయల్దేరారు. నిజంగా రోడ్డున పడింది మాత్రం ఇద్దరివీ ఒకచోట పెట్టుకున్న జంటలే.

ఇది ఎందుకు జరుగుతుందో కూడా తెలుసు. వీసా అపాయింట్‌మెంటుకి ఒక ప్లాస్టిక్ ఫైలు తయారవుతుంది. పాస్‌పోర్టులు, ఇన్సూరెన్స్, హాస్టల్ బుకింగులు, టికెట్లు అన్నీ అందులో. వీసా వచ్చాక కూడా ఆ ఫైలు అలాగే ఉండిపోతుంది. ఇంట్లో ఎవరు జాగ్రత్తపరులైతే వాళ్ల చేతికి వస్తుంది. "అన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి", "అన్నీ తన హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి" అని ధీమాగా చెప్తారు. ఆ ధీమాయే కొంప ముంచుతుంది.

ఒక పాస్‌పోర్టు పోయి ఒకటి మిగిలితే ఏమవుతుందో చూడండి. ఇటలీలో హాస్టలైనా హోటలైనా దిగినవాళ్ల గుర్తింపు పత్రం చూసి వివరాలు 24 గంటల్లోగా పోలీసులకు పంపాలి. ఒకరి పాస్‌పోర్టు, రెండోవాళ్ల పోలీసు ఫిర్యాదు కాగితం చూపిస్తే కాస్త మాట్లాడుకోవచ్చు. యూరప్‌లో ఉన్న స్నేహితులు మనీ ట్రాన్స్‌ఫర్‌లో డబ్బు పంపితే, కౌంటర్లో పాస్‌పోర్టు చూపించి తీసుకోవచ్చు. కొత్త సిమ్ కూడా దొరుకుతుంది. రెండూ పోతే? రాత్రి గది ఇవ్వడానికి తటపటాయిస్తారు, పంపిన డబ్బు చేతికి రాదు, ఫోనూ పోయుంటే బ్యాంకు ఓటీపీ కూడా రాదు. పోయిన వస్తువు ఒకటే, మూసుకుపోయిన దారులు పది.

కాబట్టి ఎవరి పాస్‌పోర్టు వాళ్ల ఒంటి మీద. లాకర్లో పెట్టాలా, నడుముకి కట్టుకోవాలా అని వాదించుకునే జంటల్ని చూశాను. నా ఓటు చొక్కా లోపల నడుము పౌచ్‌కే. మీకు లాకరే నయమనిపిస్తే పెట్టుకోండి, కానీ రెండూ ఒకే లాకర్లో కాదు.

ఇల్లు కదిలేటప్పుడు విడివిడిగానే పెట్టుకున్నా, దారిలో అవి మళ్లీ కలిసిపోతాయి. ఇమ్మిగ్రేషన్ దాటాక ఒకరు రెండూ పట్టుకుని నడుస్తారు. హాస్టల్ రిసెప్షన్‌లో ఒకరే రెండూ ఇస్తారు, అక్కడివాళ్లు స్కాన్ చేసి రెండూ కలిపి తిరిగిస్తారు, అవి ఒకే జేబులోకి పోతాయి. కొలోసియం దగ్గరా అంతే. అక్కడి టికెట్ల మీద ఇప్పుడు పేరు ఉంటుంది, లోపలికి వెళ్లేటప్పుడు గుర్తింపు పత్రం అడుగుతారు. ఈ మూడు చోట్లా ఎవరిది వాళ్లే ఇచ్చి ఎవరిది వాళ్లే తీసుకోండి. పక్కవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

డబ్బు సంగతి

ఫోరెక్స్ కార్డు కొన్నప్పుడు చాలాచోట్ల కవర్లో బ్యాకప్ కార్డు కూడా ఇస్తారు. ఆ రెండింటినీ అదే కవర్లో ఉంచి తిరిగేవాళ్లే ఎక్కువ. మరి బ్యాకప్ ఎందుకు? ఆయన కార్డు బ్యాకప్ ఆమె దగ్గర, ఆమె కార్డు బ్యాకప్ ఆయన దగ్గర ఉండాలి. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డుల మీద విదేశీ వాడకాన్ని బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోండి. మన దగ్గర కార్డులు మొదట దేశీయ వాడకానికి మాత్రమే పనిచేసేలా వస్తాయి. ఇద్దరిలో కనీసం ఒకరి ఇండియా సిమ్‌కి రోమింగ్ ఉండాలి, ఓటీపీ కోసం. ఆ ఫోను కార్డులు ఉన్న బ్యాగులో ఉండకూడదు.

ఖర్చు తగ్గించుకోవాలంటే టెర్మినీకి నేరుగా వచ్చే 14 యూరోల రైలు బదులు 8 యూరోల లోకల్ రైలు ఉంది. అది టెర్మినీకి రాదు. త్రస్తేవేరెలోనో ఒస్తియెన్సెలోనో తిబుర్తినాలోనో దిగి మారాలి. సామాను తక్కువైతే అదే మేలు. హాస్టల్ రేటు మీద మనిషికి, రాత్రికి ఇంత అని నగరపాలక పన్ను అదనంగా ఉంటుంది, చాలాచోట్ల అక్కడికక్కడే కట్టాలి. బుకింగ్‌లో కనపడలేదని గొడవ పడి లాభం లేదు. నీళ్ల సీసాలు కొనకండి, వీధుల్లో 'నజోనీ' అనే ఇనప కుళాయిలు ఉంటాయి, అవి తాగే నీళ్లే. వంటగది ఉన్న హాస్టలైతే పియాత్సా విత్తోరియో దగ్గర ఎస్క్విలీనో మార్కెట్టులో బియ్యం, పప్పు, పచ్చిమిర్చి దొరుకుతాయి.

హాస్టల్లో

తాళం మీరే తెచ్చుకోండి. డార్మ్‌లో, అంటే పలువురు కలిసి పడుకునే గదిలో, లాకర్ ఉంటుంది కానీ తాళం చాలాచోట్ల ఇవ్వరు, అమ్ముతారు. ఉదయం గది ఖాళీ చేశాక బ్యాగులు ఉంచమని చూపించే సామాను గదికి చాలాసార్లు కాపలా ఉండదు. అక్కడ బట్టలు ఉంచండి. బట్టలే. మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ తీసి, గమనించకుండా వదిలేసిన సామాను గురించి ఏం రాశారో చదవండి. వీసా కోసం 30,000 యూరోల కవరేజీ చూసి కొన్నది వైద్య ఖర్చులకు, బ్యాగుకు కాదు.

ఇక మిగతావి, వరసగా:

టెర్మినీ టికెట్ మెషీన్ దగ్గర సాయం చేస్తామని వచ్చే ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. ఒకరు బటన్లు నొక్కుతారు, ఇంకొకరు మీ వెనక ఉంటారు.

64 నంబరు బస్సు టెర్మినీ నుంచి వాటికన్ వైపు వెళ్తుంది. టూరిస్టులు ఎక్కువ, దొంగలకూ ఇష్టం. మెట్రో ఎ లైన్లో స్పాన్యా, బర్బెరీని, ఒత్తవియానో దగ్గరా అంతే. తలుపుకి దగ్గరగా నిలబడకండి. తలుపులు మూసుకునే ముందే చెయ్యి పడుతుంది.

వీపు మీది బ్యాగు బస్సులో ముందుకి.

చేతికి దారం కడతారు, గులాబీ పెడతారు. ఆగొద్దు.

మీ బట్టల మీద ఏదో పడిందని తుడవబోయేవాడు తుడవడానికి రాలేదు.

పోలీసులమని చెప్పి పర్సు చూపించమంటే ఇవ్వకండి. నిజమైన పోలీసు మీ యూరోలు లెక్కపెట్టడు. దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్దాం అనండి.

రెస్టారెంట్‌లో కుర్చీ వెనక బ్యాగు తగిలించొద్దు. పక్క కుర్చీలో పెట్టొద్దు. ఒళ్లోనే.

కాగితపు టికెట్ మెషీన్లో స్టాంపు కొట్టకుండా బస్సెక్కొద్దు. పట్టుకుంటే ఇద్దరికీ విడివిడిగా జరిమానా. ఒక కార్డు ట్యాప్ చేస్తే ఒక మనిషికే లెక్క.

స్పానిష్ మెట్ల మీద కూర్చోవద్దు. 2019 నుంచి నిషేధం, పోలీసులు విజిల్ ఊది లేపుతారు, జరిమానా కూడా ఉంది.

రోడ్డు మీద దుప్పటి పరిచి అమ్మే బ్రాండెడ్ బ్యాగు కొనకండి. నకిలీ కొన్నవాళ్లకు 7,000 యూరోల దాకా జరిమానా వేసే చట్టం ఉంది.

నెలలో మొదటి ఆదివారం కొలోసియం ఉచితం. ఉచితమంటే తోపులాట. ఆ రోజు ఇద్దరి దగ్గరా చెరో పాస్‌పోర్టు, చెరో యాభై యూరోలు చాలు.

ఫోటో తీయమని ఫోను ఎవరికీ ఇవ్వొద్దు.

ఆగస్టు 15 ఇక్కడా సెలవే, ఆ చుట్టుపక్కల రోజుల్లో చిన్న దుకాణాలు చాలా మూసేస్తారు. మందులు ముందే కొనిపెట్టుకోండి.

పాస్‌పోర్టు మొదటి పేజీ, వీసా పేజీ ఫోటోలు తీసి ఇద్దరి మెయిల్‌లోనూ పెట్టండి. ఫోన్లో మాత్రమే ఉంటే లేనట్టే. రెండు ప్రింట్లు, చెరోటి. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, చెరి నాలుగు.

మళ్లీ చెప్తున్నా, రెండు పాస్‌పోర్టులూ ఒకే బ్యాగులో వద్దు. ఒకే జేబులో వద్దు. పది నిమిషాలకి కూడా వద్దు. "నేను బాత్‌రూముకి వెళ్లొస్తా, ఇది పట్టుకో" అన్నప్పుడు కూడా.

ఇంత చేసినా ఒకటి పోయిందనుకోండి. మొదట కార్డులు బ్లాక్ చేయండి, తర్వాత పోలీసులు. టెర్మినీలోనే రైల్వే పోలీసులు ఉంటారు, అత్యవసరమైతే 112. ఫిర్యాదు కాగితాన్ని 'దెనూంచా' అంటారు. అది చేతికి ఇచ్చేదాకా కదలొద్దు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోండి. ఎంబసీలో ముందు అడిగేది అదే. మన ఎంబసీ వియా వెంతి సెత్తెంబ్రే 5లో ఉంది, టెర్మినీ నుంచి నడిచే దూరం. అక్కడిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో ఇండియాకి వెళ్లడం ఒక్కటే కుదురుతుంది, పారిస్, ప్రాగ్ బుకింగులు వదులుకోవాల్సిందే. మీ విమానం మధ్యలో వేరే దేశంలో మారేదైతే, ఆ కాగితంతో ఎక్కనిస్తారో లేదో ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి అడిగాకే టికెట్ తేదీ మార్చుకోండి.