స్థిమితం పోయిన పాత్రకు ఏమివ్వాలి?

శాండీ పీటర్సన్ రూపొందించిన కాల్ ఆఫ్ కథుల్హు అనే రోల్‌ప్లేయింగ్ ఆటను (బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా కథ నడిపే ఆట) కేయోసియం సంస్థ 1981లో విడుదల చేసింది. భయానకమైనది ఎదురైనప్పుడల్లా పాత్ర మతిస్థిమితం తరిగిపోవడమే ఈ ఆటకు ప్రాణం. అయితే తరుగుదల ఒక్కటే కనబడితే, రెండు మూడు సెషన్లయ్యేసరికి ఆటగాళ్లు పాత గ్రంథాలు తెరవరు, నేలమాళిగలోకి దిగరు, వాకిట్లోనే నిలబడి పోలీసులను పిలుద్దామంటారు. వారిని తప్పుపట్టలేం. కాబట్టి ఆటను నడిపే కీపర్, పోయిన స్థిమితానికి బదులు పాత్రకు ఏదో ఒకటి దక్కేలా చూడాలి. అది బలం కాకుండా జ్ఞానమైతే మంచిది.

ముందుగా నియమాల్లోనే ఉన్న ప్రతిఫలాన్ని గమనించండి. ఏడో ఎడిషన్ ప్రకారం పవర్ (పాత్ర మనోబలాన్ని చెప్పే అంకె) 55 ఉన్న పురావస్తు పరిశోధకుడు 55 స్థిమితంతో ఆట మొదలుపెట్టి, శ్మశానం కింది సొరంగంలో శవాలను తినే గూల్‌ను లాంతరు వెలుగులో తొలిసారి చూశాడనుకుందాం. 1 నుంచి 100 వరకు అంకెనిచ్చే పర్సంటేజ్ డైస్ వేస్తే 72 పడింది. అది 55ను దాటింది కాబట్టి ఆరు ముఖాల పాచిక వేశాడు, 5 పాయింట్లు పోయాయి. ఒకే దెబ్బకు 5 లేదా అంతకు మించి పోతే పాత్ర తెలివిని చెప్పే అంకె అయిన ఇంటెలిజెన్స్ మీద పాచికలు వేయాలి. చమత్కారమంతా ఇక్కడే ఉంది: ఇందులో నెగ్గినవాడికే మతి చలిస్తుంది, ఎందుకంటే తాను చూసినదేమిటో అతనికి పూర్తిగా అర్థమైంది, ఓడినవాడి మనసు ఆ దృశ్యాన్ని కప్పిపుచ్చుకుంటుంది. ఇలా తొలిసారి మతి చలించిన పాత్రకు కథుల్హు మిథోస్ నైపుణ్యంలో (ఈ భయానక రహస్యాల గురించిన జ్ఞానం) 5 పాయింట్లు, ఆపై ప్రతిసారీ 1 చొప్పున చేరతాయి. ఆ జ్ఞానం పెరిగినంత మేరా స్థిమితపు గరిష్ఠ పరిమితి తగ్గుతుంది కాబట్టి, దానితోపాటే అది 99 నుంచి 94కు దిగుతుంది.

చాలామంది కీపర్లు ఆ 5ను కాగితం మీద రాయించి ముందుకు సాగిపోతారు. అలా చేయకుండా దానిని దృశ్యంగా చెప్పండి: గూల్ గురగుర ఇప్పుడు మాటల్లా వినిపిస్తోంది, గోడ మీది గీతలు ఏదో లెక్కలా కనిపిస్తున్నాయి. దీనికి నేను సొంతంగా ఒక నియమం చేర్చుకున్నాను. మతి చలించి ఉన్నంతసేపట్లో ఆటగాడు నన్ను ఒక్క ప్రశ్న అడగవచ్చు. నా జవాబు నిజమై ఉంటుంది, కానీ సగమే ఉంటుంది. 'ఈ సొరంగం ఎక్కడికి పోతుంది?' అని అడిగితే, 'చర్చి కిందికి. అక్కడ నీకోసం ఎదురుచూస్తున్నారు' అంటాను. ఎవరు ఎదురుచూస్తున్నారో చెప్పను. ఒక్కసారి అబద్ధం చెబితే మాత్రం ఇంకెవరూ అడగరు.

బలమే ఇవ్వాలనుకుంటే, ఇదే తరహా మరో ఆట అయిన డెల్టా గ్రీన్ పద్ధతిని చూడండి. అందులో హింస వల్ల మూడుసార్లు స్థిమితం కోల్పోయినా మతి చలించకుండా నిలిచిన ఏజెంటు (ఆ ఆటలో ఆటగాడి పాత్ర) హింసకు అలవాటుపడతాడు; అయితే అతని ఆకర్షణశక్తి, ఆత్మీయులతో ఉన్న ఒక్కొక్క బంధం ఒకసారి వేసిన ఆరు ముఖాల పాచికలో పడినంత తగ్గుతాయి. భార్య ఫోన్ చేసినా ఎత్తని మనిషిగా అతణ్ణి ఆడించే అవకాశం అక్కడ దొరుకుతుంది.

ఏ పద్ధతి ఎంచుకున్నా, కావాలని స్థిమితం పాయింట్లు ఇచ్చి ప్రశ్నలు కొనుక్కునే బేరానికి ఒప్పుకోకండి. పాచికలు తెచ్చిపెట్టిన నష్టానికే ప్రతిఫలం ఉండాలి. మానసిక అనారోగ్యం ఎవరి ఇంట్లోనైనా ఉండి ఉండవచ్చు కాబట్టి, ఏ లక్షణాలను ఆటలోకి తేవచ్చో మొదటి సెషన్‌కు ముందే అందరినీ అడిగి తెలుసుకోండి.