పెంకుటింటి అటకపై మానుపిల్లి చేరితే

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, పాతపట్నం ప్రాంతాల పాత పెంకుటిళ్ళలో అర్ధరాత్రి అటక మీద బరువైన అడుగుల చప్పుడు వినిపిస్తే చాలామంది దానిని పందికొక్కు అనుకుంటారు. తెల్లవారిన తరువాత పెంకుల మీద ఒకే చోట గింజలతో నిండిన మలం కనిపించిందంటే, వచ్చినది మానుపిల్లి అయి ఉండవచ్చు. రెండు నుండి ఐదు కిలోల వరకు తూగే ఈ జంతువుకు కళ్ళ చుట్టూ నల్లని ఛాయ, వీపు పొడవునా ముదురు చారలు, పొడవైన నల్లని తోక ఉంటాయి. తోక మీద వలయాలుండే పునుగుపిల్లి వేరు. అది ఎక్కువగా నేల మీదనే తిరుగుతుంది.

మానుపిల్లి పండ్లు, ఎలుకలు తింటుంది, చెట్లకు కట్టిన కుండల్లో కల్లు తాగుతుంది. మన కొండల్లో జీలుగు (కల్లు గీసే, తాటి జాతి చెట్టు) గింజలు కొత్త చోట్ల మొలకెత్తడానికి దాని సంచారం తోడ్పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కూలిన పాత చెట్ల తొర్రలు ఇలాంటి జీవులకు నివాసాలుగా ఉండేవి. తొర్ర లేనప్పుడు అది మన అటకను వెతుక్కోవడంలో వింత లేదని నేను భావిస్తాను.

దానిని తరిమే ముందు అది ఎక్కడినుండి వస్తోందో తెలుసుకోవాలి. చూరు కింది సందుల దగ్గర సాయంత్రం బూడిద పలుచగా చల్లి ఉంచితే, అడుగుల జాడలు తెల్లవారేసరికి దారిని చూపుతాయి. ఆ సందును వెంటనే మూసివేయడమే అందరూ చేసే పెద్ద పొరపాటు. లోపల పిల్లలు ఉంటే అవి ఆకలితో చనిపోతాయి, బయట చిక్కుకున్న తల్లి వాటి కోసం పెంకులు పెకిలిస్తుంది. సన్నని కూతలు వినిపిస్తే, పిల్లలు పెరిగి తల్లి వెంట బయటికి వెళ్ళేవరకు కొన్ని వారాలు ఓపిక పట్టాలి. పిల్లలు లేవని నిశ్చయమైన తరువాత, అటకలో రాత్రంతా విద్యుత్ దీపం వెలిగించి, అది మేతకు వెళ్ళిన వేళ సందులను గట్టి ఇనుప జాలీతో బిగించాలి. మరుసటి రెండు రాత్రులు లోపల చప్పుడు ఉందేమో వినాలి. ఉంటే జాలీని విప్పి దారి ఇవ్వాలి.

ఎలుకల మందు పెట్టకూడదు. అది మానుపిల్లితోనే ఆగదు, దాని కళేబరం తిన్న కుక్కలకూ చేటు చేస్తుంది. అటకలో కుళ్ళిన శవాన్ని తీయడం మరింత కష్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి రక్షణ కల్పించినందున, అనుమతి లేకుండా పట్టుకోవడమూ చంపడమూ నేరమే. జంతువు ఇంట్లో చిక్కుకుపోయిందనిపిస్తే, సరిహద్దుకు ఏ వైపు ఉన్నామో చూసుకుని ఆ రాష్ట్రపు అటవీ సిబ్బందికే చెప్పాలి.

పైకప్పు మీదికి వాలిన కొమ్మలను రెండు మీటర్ల దూరం వరకు నరకడం, పండిన పనస, జామ కాయలను చీకటి పడకముందే కోయడం, కోళ్ళ గూటికి జాలీ వేసి గొళ్ళెం బిగించడం చేయకపోతే ఇంత శ్రమ వృథా అవుతుంది.

మలాన్ని శుభ్రం చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని, ముందుగా నీటితో తడిపి తీయాలి. కరిచినా, గీరినా గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీటితో కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్ళాలి.