బస్తా కదలక ముందు బండిని చూడండి: ఎగుమతి దిగుమతుల్లో సమస్యలు - పరిష్కారాలు

నెల్లూరు చుట్టుపక్కల ధాన్యం మిల్లుల్లో, ఆ తర్వాత ఒంగోలు వైపు గోదాముల్లో ఎగుమతి దిగుమతి పనులు, అంటే లారీలకు సరుకు ఎక్కించడం దించడం, చూస్తూనే నా ఉద్యోగం చాలావరకు గడిచింది. ఎవరికి దెబ్బ తగిలినా అందరూ బరువునే తిడతారు. నేను చూసినంతలో బరువు చేసిన తప్పు తక్కువ. బరువు కదలక ముందు చూసుకోవలసినది చూసుకోకపోవడమే ఎక్కువ. ఏది కనిపిస్తే దేన్ని అనుమానించాలో, ఏం చేయాలో ఆ లెక్కలోనే రాస్తున్నాను.

లోడు ఎక్కుతుండగా లారీ కదులుతోంది

అందరూ ముందు హ్యాండ్ బ్రేకును అనుమానిస్తారు. నేనైతే మాటను అనుమానిస్తాను. ఇంకా నలభై బస్తాలు ఎక్కాల్సి ఉండగా ఎవరో "పోనీ" అంటారు. అది పక్క లారీకి చెప్పిన మాట. మన డ్రైవరు బండి కదిలిస్తాడు. నెత్తిన బస్తాతో, లారీ ఎక్కడానికి ఆనించిన పలక మధ్యలో ఉన్న మనిషికి కాళ్ల కింద ఆధారం పోతుంది. మా ముఠాలో ఒకరికి ఇలాగే చీలమండ విరిగి మూడు నెలలు పని లేకుండా పోయింది.

దానికి మా మేస్త్రి కనిపెట్టిన విరుగుడు చాలా చిన్నది. లారీ ఆపగానే ఇంజను కట్టేసి, గేరులో ఉంచి, తాళం చెవి ఆయన చేతికి ఇవ్వాలి. ఆయన దాన్ని మొలతాడుకు కట్టుకునేవాడు. చివరి మనిషి దిగి, పలక తీశాకే చెవి తిరిగి ఇచ్చేవాడు. మొదట్లో డ్రైవర్లు చిన్నబుచ్చుకున్నారు. "నా బండి తాళం నీ మొలకు ఏమిటి?" అని ఒకాయన గొడవకు కూడా దిగాడు. "బండి నీదే అన్నా, కాళ్లు మావాళ్లవి" అన్నాడు మేస్త్రి.

రెండో కారణం వాలు. వాన నీరు పోవడానికి గోదాము ముందు నేలను వాలుగానే వేస్తారు. ఖాళీ బండిని పట్టి ఉంచిన బ్రేకు ఇరవై టన్నులు ఎక్కాక పట్టి ఉంచుతుందన్న నమ్మకం లేదు. వెనక చక్రాలు రెండింటికీ, బండి జారే వైపున అడ్డు వేయాలి. చేతికి దొరికిన రాయి దొర్లుతుంది, ఇటుక నలుగుతుంది. ఏటవాలుగా కోసిన గట్టి తుమ్మ చెక్కే కావాలి. దానికి ఒక తాడు కట్టి ఉంచితే తీసేటప్పుడు చెయ్యి చక్రం కిందికి పోదు. లారీ వెనక్కి వస్తున్నంతసేపూ బండికీ అరుగుకూ మధ్య ఎవరూ ఉండకూడదు. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి, డ్రైవరుకు అద్దంలో కనిపించే చోట నిలబడాలి. వాడు అద్దంలోంచి మాయమైతే బండి ఆగిపోవాలి.

పలక ఊగుతోంది, కాలు జారుతోంది

పలక పొట్టిదై నిటారుగా ఉండటమో, పై అంచు లారీకి కట్టకపోవడమో, తవుడు పడి నున్నబడటమో కారణం. నాలుగు మీటర్లకు తగ్గని పలక తీసుకుని పై అంచును తాడుతో బిగించండి. అడుగడుగుకూ అడ్డపట్టీ కొట్టి, మధ్యమధ్య చీపురుతో ఊడ్వండి. పగులు కనిపించిన పలకను పక్కన పెడితే సాయంత్రానికి మళ్లీ ఎవరో వాడతారు. అక్కడికక్కడే రెండు ముక్కలు చేయించండి.

వెనక తలుపు తీయగానే బస్తాలు మీద పడుతున్నాయి

ఇది చెప్పకుండా వచ్చే ప్రమాదం కాదు. తలుపు మధ్యలో పొట్టలా ఉబ్బి ఉంటుంది, కొక్కెం బిగుసుకుని ఎంతకీ ఊడదు. ఊడటం లేదని సుత్తితో కొట్టడం దగ్గరే ప్రాణం మీదికి వస్తుంది. అది ఊడనిది తుప్పు పట్టి కాదు, వెనక లోడంతా దాని మీద వాలి ఉండటం వల్ల.

గోనె బస్తా ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. ఇప్పుడు వాడే ప్లాస్టిక్ సంచులు గాజు పలకల్లా జారతాయి. వాటిని ఒకదానిపై ఒకటి తిన్నగా పేర్చి హైవే ఎక్కిస్తే, నాలుగైదు బ్రేకులకే ఆ పేర్చిన నెట్టు అటో ఇటో ఒరిగిపోతుంది.

దించే చోట ముందు టార్పాలిన్ విప్పి, పైకెక్కి లోపలికి చూడాలి. నెట్టు తలుపు మీదికి ఒరిగి ఉంటే తలుపు ముట్టుకోవద్దు. పైనుంచి వరుస వరుసగా బస్తాలు తీసి ఆ ఒత్తిడి తగ్గించాలి. తర్వాత తలుపుకు ఎదురుగా కాక, చెరో పక్కన నిలబడి కొక్కేలు తీయాలి. దించేటప్పుడు మెట్లు మెట్లుగా తగ్గించుకు రావాలి. అందుబాటులో ఉంది కదా అని అడుగు బస్తా లాగినవాడి మీదికే పై బస్తాలు వస్తాయి.

అసలు మందు మాత్రం ఎక్కించే చోట ఉంది. మూడు బస్తాలు నిలువుగా, రెండు అడ్డంగా వేసి ఐదింటి కట్టు కట్టాలి. పై వరుసలో దాన్ని తిరగేయాలి. కింది వరుసలో రెండు బస్తాలు కలిసిన చోట పై బస్తా కడుపు ఆనాలి. గోడ కట్టే తాపీ మేస్త్రికి ఈ మాట చెప్పనక్కరలేదు.

నడుం పట్టేస్తోంది

పుట్టి అంటే 850 కిలోలని కచ్చితంగా లెక్కగట్టే ఊళ్లో, నెత్తిన ఉన్న బస్తా ఎంతని ఎవరూ అడగరు. మగవాడు ఒంటరిగా మోసే బరువు 55 కిలోలు దాటితే తగ్గించే చర్యలు తీసుకోవాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన ధాన్యం బస్తా 70 దాటుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను కూడా ఒంటికి హాని చేసేంత బరువు మోయించకూడదనే చెప్పింది. బస్తాను నేల మీదనుంచి ఒక్కడే లేపడం మాన్పించండి. ఇద్దరు ఎత్తి మూడోవాడి వీపుకు అందించాలి. బస్తాతో ఉన్నప్పుడు నడుం తిప్పకుండా పాదాలు తిప్పాలి. రోహిణి కార్తెలో పదకొండు నుంచి నాలుగు వరకు పని ఆపాలి. ఎండకు మాట తడబడినవాడిని నీడకు చేర్చి ఒళ్లంతా తడపండి, 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో మజ్జిగ పోయవద్దు.

గ్రానైట్ దిమ్మె తిరుగుతోంది, వైరు రోపు కిర్రుమంటోంది

గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి వైపు పని వేరు. అక్కడి నల్ల గ్రానైట్, అదే గెలాక్సీ రాయి, ఘనపు మీటరుకు మూడు టన్నులకు దగ్గరగా తూగుతుంది. మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, 1.2 ఎత్తున్న దిమ్మె పదహారు టన్నులకు అటూఇటూ ఉంటుంది. కంటి అంచనాతో కాక టేపుతో కొలిచి లెక్క కట్టండి.

రోపు కిర్రుమనడానికి తరచు కారణం కోణం. క్రేను కొక్కెం నుంచి రెండు పాయలుగా దిగి దిమ్మెను ఎత్తే రోపును రెండు కాళ్ల స్లింగు అంటారు. అది నేలకు 60 డిగ్రీల కోణంలో ఉంటే ఒక్కో కాలిపై మొత్తం బరువులో 58 శాతం పడుతుంది. 30 డిగ్రీలకు పడిపోతే ఒక్కో కాలూ దిమ్మె మొత్తం బరువంత లాగుడు మోయాలి. పొడవైన స్లింగు వాడితే కోణం పెరుగుతుంది. రాయి అంచుల దగ్గర రోపు కింద చెక్క ముక్క పెట్టాలి. పోగులు తెగి లేచిన రోపును పనిలోంచి తీసేయాలి. తిరిగే దిమ్మెను చేత్తో ఆపబోయినవాడికి వేళ్లు మిగలవు. రెండు చివరలకూ తాడు కట్టి దూరం నుంచి పట్టుకోండి. క్రేను చెయ్యి కరెంటు తీగకు తగిలితే ఆపరేటరు లోపలే ఉండాలి, బయటివాళ్లు దగ్గరికి పోకూడదు. మంట అంటుకుని దిగక తప్పకపోతే బండినీ నేలనూ ఒకేసారి ముట్టకుండా, రెండు పాదాలు కలిపి దూకాలి.

కంటెయినరు తెరవగానే తలనొప్పి, వాంతి

వేడి వల్ల అనుకుని మజ్జిగ తాగించి మళ్లీ లోపలికి పంపుతారు. బియ్యానికి పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వేసి ఉంటే, అవి గాలిలో తేమకు ఫాస్ఫీన్ విషవాయువు వదులుతాయి. ఒక్కోసారి వెల్లుల్లి వాసనో, కుళ్లిన చేప వాసనో వస్తుంది. వాసన లేనంత మాత్రాన వాయువు లేదని కాదు.

కంటెయినరుకు తలుపు ఒకవైపే, గాలి ఆడటానికి వేరే దారి లేదు. తలుపులు బార్లా తీసి, పక్కకు తప్పుకుని, గంటల తరబడి వదిలేయాలి. ఫ్యాను పెడితే మేలు. మందు వేసిన సంస్థ మనిషి వచ్చి మీటరుతో చూసి, గాలిలో పది లక్షల వంతులకు 0.3 వంతు కంటే తక్కువ ఉందని చెప్పాకే కాలు పెట్టాలి. మూతికి కట్టుకున్న తువ్వాలు దీన్ని ఆపలేదు. బస్తాల మధ్య బూడిద రంగు పొడి కనిపిస్తే నీళ్లు చల్లవద్దు. మిగిలిన మందుకు తేమ తగిలితే మళ్లీ వాయువు పుడుతుంది.

ఎవరైనా లోపల పడిపోతే ఊపిరి బిగబట్టి వెనకే దూకవద్దు, అలా ఇద్దరు పోతారు. ఫైర్ సర్వీసుకు 101కి, అంబులెన్సుకు 108కి చేయండి. తానే బయటికి వచ్చినవాడికి తేలిగ్గా ఉందన్నా ఆసుపత్రికి పంపండి. తలుపు మీద అంటించిన మందు చీటీని ఫోనులో ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. దీనికి విరుగుడు మందు లేదు కాబట్టి, ఏ వాయువో ముందే తెలిస్తే వైద్యం ఆలస్యం కాదు.