ప్రపంచయాత్రకు బయలుదేరుతున్నారా? తిరుగు డబ్బు ముట్టుకోకండి

ఉత్తర థాయ్‌లాండ్‌లో చియాంగ్ మై నుంచి పాయ్ వెళ్లే దారిలో 762 మలుపులున్నాయని చెబుతారు. గత నెల అందులో ఒక మలుపు దగ్గర కాకినాడ వైపు కుర్రవాడొకడు అద్దె స్కూటర్ మీది నుంచి పడ్డాడు. ఉద్యోగం మానేసి ఏడాదిపాటు దేశాలు తిరగాలని బయలుదేరినవాడు. భుజం ఎముక విరిగింది. అతని అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌లో కారుకే అనుమతి ఉంది, ద్విచక్ర వాహనానికి లేదు. బీమా కంపెనీ అదే కారణం చూపి క్లెయిము తిరస్కరించింది. ఆసుపత్రి బిల్లు కట్టేసరికి ఖాతాలో విమానం టికెట్టుకు సరిపడా కూడా మిగలలేదు. ఇక్కడ అక్క గాజులు తాకట్టు పెట్టి డబ్బు పంపితే ఇల్లు చేరాడు.

తెలిసినవాళ్లందరూ ఇప్పుడు స్కూటర్‌ను తిడుతున్నారు. తిట్టాల్సింది అతని లెక్కను. ఆ లెక్క నేను చూశాను. 10 లక్షల రూపాయలు, 365 రోజులు, రోజుకు 2,740. దేశానికో రంగు, వారానికో మొత్తం, చూడముచ్చటగా వేసుకున్నాడు. తిరుగు టికెట్టూ ఆ 10 లక్షల్లోదే, ఆపద ఖర్చూ అందులోదే. అంటే రెండూ లేనట్టే.

ఇదే లెక్కతో వెళ్లి చిక్కుల్లో పడినవారు ఇంకా ఉన్నారు. మొదట్లో వియత్నాం, కంబోడియా లాంటి చోట్ల రోజు ఖర్చు అనుకున్నదానికన్నా తగ్గుతుంది. నెలాఖరుకు మిగులు కనిపిస్తుంది. ఆ మిగులుతో ఒక స్కూబా కోర్సు, అనుకోని ఒక విమానం. నిజానికి అది మిగులు కాదు, ఇంటికి తిరిగి రావడానికి ఉంచుకోవాల్సిన డబ్బు. విత్తనపు వడ్లు దంపుకుని తినడం ఇలాగే ఉంటుంది, తిన్నన్నాళ్లూ కడుపు నిండుగానే ఉంటుంది.

కాబట్టి భాగహారానికి ముందే తిరుగు డబ్బు తీసి పక్కన పెట్టండి. మిగిలినదాన్నే రోజులతో భాగించండి.

ఎంత తీయాలి? మీ దారిలో అన్నిటికన్నా దూరమైన ఊరి నుంచి రేపటి ప్రయాణానికి ఈరోజు కొంటే టికెట్టు ఎంతవుతుందో చూడండి. దక్షిణ అమెరికా వెళ్లేవారు పెరూ రాజధాని లీమా నుంచి చూడాలి, బ్యాంకాక్ నుంచి చూసి సంతోషపడకూడదు. దానికి ఆసుపత్రిలో ముందుగా కట్టమనే మొత్తం కలపండి. బీమా ఉన్నా చాలాచోట్ల మీరు కట్టాకే తిరిగి ఇస్తారు. ఇల్లు చేరాక ఉద్యోగం దొరికేదాకా కనీసం మూడు నెలల ఖర్చు కూడా కలపండి. ఈ చివరిది చాలామంది మరిచిపోతారు.

ఎక్కడ పెట్టాలి? కార్డు లేని ఖాతాలో. ఆ బ్యాంకు యాప్ మీ ఫోనులో ఉండకూడదు. ఇంట్లో నమ్మకమైన మనిషి పేరు కలిపి ఎఫ్‌డీ వేసి, మీరు ఊళ్లో లేకపోయినా వారు రద్దు చేయించగలిగేలా ముందే బ్యాంకుకు రాసివ్వండి. డబ్బు కావాలన్నప్పుడు ‘ఎందుకు?’ అని నిలదీసే మనిషినే ఎంచుకోండి. క్రెడిట్ కార్డు పరిమితిని ఈ లెక్కలోకి తేకండి, అది అప్పు.

ఇక బయలుదేరకముందే కరిగిపోయే డబ్బు. వీసాల దగ్గర బాగా దెబ్బ తింటారు. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా రుసుము 90 యూరోలు, తిరస్కరించినా తిరిగి రాదు. పైగా మామూలుగా మీరు నివసించే దేశంలోనే దరఖాస్తు చేయాలి, అదీ ప్రయాణానికి ఆరు నెలల లోపే. అంటే యూరప్ ఎనిమిదో నెలలో అనుకుంటే మధ్యలో ఒకసారి ఇంటికి వచ్చిపోయే ఖర్చు రాసుకోవాలి. లేదా యూరప్‌నే మొదటి నెలల్లోకి తేవాలి. ఎలాగూ ఖరీదైన దేశాలు ముందు చూడడమే మేలని నా అభిప్రాయం. చివర్లో డబ్బు తగ్గితే చౌక దేశంలో నెట్టుకురావచ్చు, స్విట్జర్లాండ్‌లో కుదరదు.

బీమా విషయంలో ‘వార్షిక’ అన్న మాట చూసి మోసపోకండి. ఏడాదికి ఎన్నిసార్లయినా వెళ్లవచ్చనే పాలసీలో ఒక్కో ప్రయాణానికి రోజుల పరిమితి ఉంటుంది, ఏకబిగిన ఏడాది తిరిగేవారికి పనికిరాదు. ఒకే ప్రయాణానికి ఇచ్చే పాలసీలు కూడా చాలావరకు 180 రోజుల దగ్గర ఆగుతాయి. పొడిగింపు కావాలంటే పాలసీ గడువు ముగిసేలోపే అడగాలి.

ఫారెక్స్ కార్డులోకి (విదేశీ కరెన్సీ ముందే నింపుకునే కార్డు) వేసే డబ్బు, విదేశాలకు పంపే డబ్బు కలిపి ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే, దాటినదాని మీద 20 శాతం టీసీఎస్, అంటే ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను, పట్టుకుంటారు. రిటర్ను వేస్తే సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. మార్చి 31కి ముందు కొంత, తర్వాత కొంత వేసుకోండి.

మిగతావి వరసగా చెబుతాను.

ఏటీఎం తెర ‘రూపాయల్లో తీసుకుంటారా?’ అని అడిగితే వద్దని నొక్కండి. స్థానిక కరెన్సీయే తీసుకోండి. రూపాయల్లో అంటే మారకపు రేటు వాళ్ల ఇష్టం.

థాయ్‌లాండ్ ఏటీఎంలు విదేశీ కార్డుకు ప్రతిసారీ 220 బాత్‌లు లేదా అంతకన్నా ఎక్కువ పట్టుకుంటాయి. కొంచెం కొంచెంగా తీయకండి.

రెండు బ్యాంకుల కార్డులు, రెండు వేర్వేరు సంచుల్లో.

కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేశారా? ఇక్కడే చేయండి. ఇక్కడి సిమ్ చావనివ్వకండి. ఓటీపీ రాకపోతే మీ డబ్బు మీకే అందదు.

వీసా గడువు దాటకండి. ఇండోనేషియాలో రోజుకు 10 లక్షల రుపియాల జరిమానా. మన డబ్బులో 5,000 దాటుతుంది.

కెన్యా, బ్రెజిల్ లాంటివి ఉంటే ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే విమానాశ్రయం నుంచే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు.

పర్మిట్‌లో ద్విచక్ర వాహనం లేకపోతే స్కూటర్ ఎక్కకండి.

పాస్‌పోర్టు స్కూటర్ అద్దె దుకాణంలో తాకట్టు పెట్టకండి.

పాస్‌పోర్టు పోతే రాయబార కార్యాలయం ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. టికెట్టు మీరే కొనాలి. దేనితో కొంటారు? పక్కన పెట్టిన డబ్బుతో.

తోటి ప్రయాణికులకు అప్పు ఇవ్వకండి.

ఆరో నెలలో రోజు ఖర్చు పెరిగిందా, రోజులు తగ్గించండి. తిరుగు డబ్బు ముట్టుకోకండి.

పాలసీ నంబరు, పాస్‌పోర్టు నకలు, ఆ ఎఫ్‌డీ ఏ శాఖలో ఉందో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి.