షుగర్ లేనివాళ్లకి షుగర్ పదే పదే పడిపోతుంటే

షుగర్ జబ్బు లేదు, అయినా వారంలో మూడోసారి చెమటలు కక్కుతూ క్యాజువాలిటీకి వచ్చారు, గ్లూకోమీటర్ 38 చూపిస్తోంది. డ్యూటీలో ఉన్నవాళ్లు హడావిడిగా 25% డెక్స్‌ట్రోస్ (గ్లూకోజ్ ద్రావణం) ఎక్కించేస్తారు, మనిషి లేచి కూర్చుంటారు, అసలు కారణం తెలుసుకునే అవకాశం మాత్రం చేజారిపోతుంది. క్యాన్యులా (నరంలోకి పెట్టే సన్నటి గొట్టం) పెట్టగానే ముందు రక్తం లాగండి, వెంటనే డెక్స్‌ట్రోస్. (రక్తం రాకపోతే దానికోసం ఆగొద్దు, ప్రాణం ముఖ్యం.)

ఆ శాంపిల్‌లో గ్లూకోజ్, ఇన్సులిన్, సి-పెప్టైడ్ మూడూ అడగండి. కిటుకంతా సి-పెప్టైడ్‌లోనే ఉంది. మన పాంక్రియాస్ ఇన్సులిన్ వదిలినప్పుడల్లా దానికి జతగా ఇదీ వస్తుంది, ఇంజెక్షన్ సీసాలో మాత్రం ఉండదు. గ్లూకోజ్ 55 లోపు, ఇన్సులిన్ బాగా ఎక్కువ, సి-పెప్టైడ్ అడుగంటిందంటే ఎవరో సూది వేసినట్టే, తనంతట తనో ఇంకొకరో. ఇన్సులిన్, సి-పెప్టైడ్ రెండూ ఎక్కువుంటే ఇన్సులినోమా (పాంక్రియాస్‌లో ఇన్సులిన్ వదిలే గడ్డ) అని స్కాన్‌కి పరిగెత్తకండి, గ్లిమిపిరైడ్ (పాంక్రియాస్ చేత ఇన్సులిన్ వదిలించే షుగర్ మాత్ర) మింగినా రిపోర్టు అచ్చం ఇలాగే వస్తుంది, ముందు ఆ మాత్రల కోసం పరీక్ష చేయించండి. ఇంకో తిరకాసు: గ్లార్జిన్, లిస్‌ప్రో లాంటి ఇన్సులిన్లని కొన్ని ల్యాబ్ కిట్లు పట్టుకోలేవు, లెక్క కుదరకపోతే ల్యాబ్‌కి ఫోన్ చేయండి.

నింద వేసే ముందు ఇంట్లో మాత్రలన్నీ స్ట్రిప్‌లతో సహా తెప్పించి చూడండి. మందుల షాపులో ఒకటి బదులు ఇంకోటి ఇచ్చి ఉండొచ్చు, అత్తగారి షుగర్ మాత్రని బీపీ మాత్ర అనుకుని వేసుకుని ఉండొచ్చు.

అదీ కాదని తేలితే అప్పుడు ఫ్యాక్టీషియస్ డిజార్డర్ (కావాలనే తనకి తాను జబ్బు తెచ్చుకోవడం లేదా ఉన్నట్టు చూపించడం) గురించి ఆలోచించాలి. సెలవు కోసమో ఇన్సూరెన్స్ డబ్బు కోసమో జబ్బు నటించేవాళ్లు వేరు. ఫ్యాక్టీషియస్ డిజార్డర్ ఉన్నవాళ్లకి పైకి కనిపించే లాభం ఉండదు, పేషెంటుగా ఉండటమే కావాలి. 1951లో రిచర్డ్ ఆషర్ మంచాసెన్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది ఇందులో బాగా ముదిరిన రకానికే. పాత రిపోర్టులు చూపించరు, ఇంటివాళ్లతో మాట్లాడనివ్వరు, చాలాసార్లు వైద్యరంగంలో పనిచేసినవాళ్లే అయ్యుంటారు. ఆస్పత్రులు మారుస్తారని కూడా పుస్తకాల్లో ఉంటుంది, మన దగ్గర అది చేయనిదెవరు!

అనుమానం బలపడ్డా అడక్కుండా బ్యాగు వెతకొద్దు, వార్డులో అందరి ముందూ "నాటకాలా?" అనొద్దు. అన్నారంటే డిశ్చార్జ్ రాయించుకుని ఇంకో ఊళ్లో చేరతారు, అక్కడ కథ మళ్లీ మొదలు. సైకియాట్రిస్టుతో మాట్లాడుకుని, తలుపు వేసి, "ఇన్సులిన్ బయటినుంచి వచ్చినట్టు రిపోర్టులో ఉందమ్మా, ఏం కష్టమొచ్చిందో చెప్పు" అని అడగండి. చచ్చిపోవాలని చేసిందా అన్నది కూడా ఆ రోజే అడగాలి.